మొగలాకు ముడి

పిన్ని పోయి ఇంకా నెల కాలేదు. మొన్న ఆదివారం మా పక్కింటి అమ్మాయి కాగితాల కట్ట ఒకటి పట్టుకుని వచ్చింది. యూనివర్సిటీలో చదువుతోంది. అడవులూ వాగులూ సముద్రమూ పేదవాళ్లకు ఏమిస్తాయి, వాటివల్ల వాళ్ల పేదరికం ఏమైనా తగ్గుతుందా అన్నది ఆమె చదువుకు తీసుకున్న విషయం. బరంపురం పక్కన మా హల్దియాపదర్‌లో పెద్దవయసు వాళ్లను అడుగుతూ ఇల్లిల్లూ తిరుగుతోంది.

"ఆంటీ, మీరు చిన్నప్పుడు గంజాం వైపు పల్లెలో ఉన్నారంట కదా. మమ్మీ సెప్పింది" అంది.

"ఒక్క వర్షాకాలం ఉన్నాను."

"అది సాలు ఆంటీ. నేను అడుగుతాను, మీరు సెప్పండి."

తినడానికి ఏం దొరికేది, పొయ్యిలోకి ఏం దొరికేది, జబ్బు చేస్తే ఏం వాడేవారు అని అడిగింది. అన్నీ గుర్తున్నాయి, చెప్పాను. ఆఖరి ప్రశ్న దగ్గర ఆగాను. వీటివల్ల ఆ ఇంటి పేదరికం తగ్గిందా, తగ్గలేదా. రెండు గళ్లు ఉన్నాయి. ఒకదానిలో టిక్కు పెట్టాలి.

"తగ్గలేదు" అన్నాను. టిక్కు పెట్టుకుని, టీ తాగి, వెళ్లిపోయింది.

నేను అబద్ధం చెప్పలేదు. అయినా ఆ రోజంతా మనసు కుదుటపడలేదు. పిన్ని వింటే ఏమనేదో అనిపించింది. ఆ కాగితంలో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నాకు పదేళ్లు. అమ్మకు నెలలు నిండకముందే ఏదో ఇబ్బంది వచ్చి, బరంపురం ఆస్పత్రిలో మంచం దిగకూడదన్నారు. నాన్న దిగపహండిలో బడిపంతులు. బడికీ ఆస్పత్రికీ మధ్య తిరగడమే ఆయనకు సరిపోయేది. నన్ను అమ్మ చెల్లెలి ఇంటికి పంపారు. గంజాం దగ్గర బస్సు దిగి ఇసక దారిలో గంటసేపు నడిస్తే ఆ ఊరు. రుషికుల్య సముద్రంలో కలిసే చోటు అక్కడికి దూరం కాదు. గాలి అటునుంచి వీస్తే పెదాలు ఉప్పగా ఉండేవి.

పిన్నిది రెండు గదుల తాటాకిల్లు. సెంటు భూమి లేదు. బాబాయి సూరత్‌లో మగ్గాల మిల్లులో పనికి పోయాడు. ఆ వేసవి నుంచి అతని ఉత్తరం లేదు, మనియార్డరూ లేదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పోస్టుమాన్ సైకిలు గంట వినబడగానే పిన్ని చేస్తున్న పని ఆపేది. సైకిలు దాటిపోయాక మళ్లీ మొదలుపెట్టేది. అలా తెలిసింది.

పిన్ని కూతురు నాకన్నా మూడేళ్లు పెద్ద, ఊరి బడిలో చదువుకునేది. మా వైపు అక్కను అప్ప అంటారు. అప్ప మొదటి రోజే నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఇదేటమ్మా, ఇసకలో సెప్పులేసుకుని నడిసొచ్చింది?"

"కాళ్లు కాలవా మరి?" అన్నాను.

"పరిగెట్టు. కాలవు."

పరిగెత్తాను. కాలాయి. అప్ప పడీపడీ నవ్వింది. వారం తిరిగేసరికి నా చెప్పులు చూరులోకి పోయాయి, నేనూ అందరిలాగే నడిచాను.

ఆ ఇంట్లో పొద్దున ఒక వాసన, సాయంత్రం ఒక వాసన. పొద్దున మొగలి పువ్వు. సాయంత్రం నిప్పుల మీద కాలే మెత్తళ్లు, వేలెడేసి ఎండు చేపలు. పొద్దున తాగేది చోడి అంబలి, ఉల్లిపాయ కొరుక్కుంటూ; ఆ రాగులూ ఉల్లిపాయలూ పిన్నికి పోయిన కోతల్లో కూలి కింద వచ్చినవి. మధ్యాహ్నం నీళ్లన్నం, గెడ్డ ఒడ్డున కోసిన పొన్నగంటి కూర. వాన పడ్డ మర్నాడు పీతలు. పొయ్యిలోకి సరుగుడు తోటలో రాలిన ఆకు. మొగలి ఊడల్ని నానబెట్టి, చితక్కొట్టి, సున్నం వేసే కుంచెలు చేసేవారు. ఆకుతో చాపలు అల్లేవారు. బియ్యం, ఉప్పు, నూనె, కిరసనాయిలు, ఈ నాలుగే కొనేవి. ఆ నాలుగూ పువ్వు అమ్మితేనే వచ్చేవి.

ఊరి పొలాలకూ ఇసక దిబ్బలకూ మధ్య ఆ గెడ్డ పారేది. మా వైపు చిన్న వాగును గెడ్డ అంటారు. దాని రెండు గట్ల మీదా మొగలి పొదలు ఉండేవి, ఎవరూ నాటనివి. ఆకుకు రెండు అంచుల వెంబడీ, నడిమి ఈనె మీదా ముళ్లు. పాములుంటాయని పెద్దలు భయపెట్టేవారు. ఉండేవి కూడా. పొలం గట్ల మీది పొదలు పొలం గలవాళ్లవి. గెడ్డ గట్టువి మాత్రం భూమిలేని ఇళ్లవి. అలా అని ఎక్కడా రాసి లేదు. అలాంటి ఇళ్లు ఐదు. మూడు మనవాళ్లవి, రెండు ఒడియావాళ్లవి.

పువ్వు విచ్చిన పొద్దునే కోయాలి. ఎండెక్కితే వాసన తగ్గిపోతుంది, తగ్గిన పువ్వును బట్టీవాళ్లు తీసుకోరు. బట్టీ అంటే ఊరి బయట రాగి పాత్రల్లో పువ్వులు కాచి అత్తరు తీసే పాక. అందుకని ఆడవాళ్లు మసక వెలుతురులోనే దోటి కర్రలు పట్టుకుని గట్టు మీదికి పోయేవారు.

"అందరూ ఒక్క గట్టు మీదే కోస్తే తగువులు రావా పిన్నీ?" అని అడిగాను.

"ముడి ఉంది గదే" అంది.

మొగ్గను ముందుగా చూసిన మనిషి ఆ పొద ఆకు ఒకటి అందుకుని దాని కొసను ముడి వేస్తుంది. ఒక్కో ఇంటిది ఒక్కో రకం ముడి. పిన్నివాళ్లది రెండు చుట్లు తిప్పి కొసను లోపలికి దోపేది. పక్కింటి మాఉసిది కొసను నిలువునా చీల్చి వేసేది. ముడి పడ్డాక ఆ పువ్వు ఆ ఇంటిది. ఆ ఇంటామె జ్వరంతో పడుకుంటే మిగతావాళ్లు కోసి ఆమె గుమ్మంలో పెట్టి పోతారు. అంతే తప్ప ఎవరూ చెయ్యి వేయరు. చెయ్యి వేసిన ఇల్లు ఆ పువ్వుల కాలమంతా గట్టెక్కకూడదు.

నాకూ నేర్పమని వెంటపడితే, పిన్ని ముళ్లు గీకేసిన ఆకు ఒకటి నాకిచ్చి, ఇంకొకటి తను తీసుకుని, అరుగు మీద నాకెదురుగా కూర్చుని నేర్పింది. నాలుగోసారికి వచ్చేసింది.

మాఉసి అంటే ఒడియాలో పిన్ని అనే. ఆ ఒడియా ముసలావిడను ఊరంతా అలాగే పిలిచేవారు. భర్త పడవతో సముద్రంలోకి పోయి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. సగం తెలుగు, సగం ఒడియా మాట్లాడేది. పొద్దస్తమానం పళ్లకు గుడాకు రాసుకునేది. ఒకరోజు ఆమె స్నానానికి పోయినప్పుడు అప్పా నేనూ ఆ పొగాకు ముద్ద డబ్బా తీసి చెరో వేలితో పళ్లకు రాసుకున్నాం. అరుగు తిరగడం మొదలుపెట్టింది. నేను కక్కుకున్నాను. అప్ప మాత్రం స్తంభం పట్టుకుని నిలబడి, "నాకేటీ అవలేదు" అంటూనే ఉంది. మాఉసి వచ్చి డబ్బా చూసుకుంది, మమ్మల్ని చూసింది, మూత బిగించుకుని లోపలికి పోయింది.

బాబాయి అక్క ఒకామె బరంపురంలో ఇళ్లలో వంటలు చేసేది. అప్పకు మేనత్త. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. చెడ్డ మనిషి కాదు. మా ఇద్దరికీ పకోడీలు తెచ్చింది. అరుగు మీద కూర్చుని పిన్నితో మాట్లాడింది.

"మంచి ఇల్లే మరదలా. సంటిపిల్లనెత్తుకోడవే పని. మూడు పూటలా అన్నం. ఏటా రెండు జతల బట్టలు."

"దానికింకా పదమూడే గదా వదినా."

"నాను పదకొండుకి ఎల్లినాను. సచ్చిపోనానేటి?"

"సచ్చిపోనేదు. మరి పండక్కి కూడా మీ అమ్మ దగ్గిరకి పంపనేదని నువ్వే సెప్పినావు. సెప్పి ఏడ్సినావు."

మేనత్త పమిట కొంగు సర్దుకుంది. తర్వాత మెల్లగా అంది, "తిండెక్కణ్ణించి తెస్తావే? తమ్ముడి సంగతేటో తెలీదు."

"కోతలొస్తే నాకు కూలి దొరుకుతాది. కోతల దాకా పువ్వు లాగించీస్తాది. లాగకపోతే నానే తీసుకొచ్చి నీకు అప్పగిస్తాను."

"పది రోజుల్లో మళ్లీ వస్తాను. ఆ ఇంటోళ్లు అంతకంటే ఆగరు. అప్పటికి నీ కుండలో బియ్యముంటే సరే. నేకపోతే ఇంక మాటాడకు."

అప్ప తలుపు వెనక నిలబడి అంతా విన్నది. ఏడవలేదు. మేనత్త వెళ్లాక చూరులోంచి నా చెప్పులు తీసి వేసుకుని, మడమలు బయటికి వస్తుంటే వంగి చూసుకుంది. "బరంపురంలో రోజూ ఏసుకోవాలేటి?" అని అడిగింది.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. అందరికీ మొగ్గలు తక్కువే. మేనత్త వెళ్లిన మర్నాడు పిన్ని ముడులు నాలుగున్నాయి. గెడ్డ మలుపు దగ్గర మాఉసివి మూడు వరసగా ఉన్నాయి, లావుపాటివి, రేపో ఎల్లుండో విచ్చేలాగా. మాఉసి ఒక్కతే మనిషి, ఒక్క మనిషికి అన్ని పువ్వులెందుకు అనుకున్నాను. పదేళ్ల బుర్రకు అది న్యాయంగానే తోచింది.

పొద్దున మొదలైన వాన మధ్యాహ్నానికి వెలిసింది. ఆ వేళ గట్టు మీదికి ఎవరూ పోరు. నేను పోయాను. మాఉసి ముడులున్న మూడు ఆకుల్నీ మొదలంటా చీల్చి నీళ్లలో పడేశాను. పక్క ఆకులకు పిన్ని ముడి వేశాను. ముంజేతులు రెండూ గీసుకుపోయాయి. ఇంటికొచ్చాక పీతల కోసం పోయానని చెప్పాను. పిన్ని కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసింది.

మర్నాడు పొద్దున ముగ్గురం పోయాం. మలుపు దగ్గర పువ్వులు మూడూ విచ్చి ఉన్నాయి. చూడకముందే వాసన తెలిసింది. పిన్ని దోటి పైకెత్తింది, మళ్లీ దించింది. ముడి వేసిన ఆకును వేళ్లతో తడిమింది.

"ఇది నాను ఎయ్యనేదు" అంది.

"నీదే గదమ్మా" అంది అప్ప.

"నాదే. మరి ఎనక్కి తిరిగింది సూడు."

నేను ఎదురుగా కూర్చుని నేర్చుకున్నాను. పిన్ని కుడికి తిప్పింది నా చేతిలో ఎడమకు తిరిగింది. పిన్ని ఆ పక్కన ఆకు చీలిన చోటు చూసింది. తర్వాత నా చేతులు చూసింది. గట్టు మీద కూలబడింది.

అప్పుడు అప్ప చాలా చిన్న గొంతుతో అంది. "కోసీ అమ్మా. ఎవులు సూస్తారు?"

పిన్ని దాని ముఖంలోకి చూసింది. "నువ్వు సూసినావు. ఇది సూసింది" అంది. లేచి, గట్టు అవతలికి వినబడేలా మాఉసిని కేకేసింది.

ఐదిళ్ల వాళ్లూ అక్కడే గుమిగూడారు. వాళ్లలో పెద్దవాడు ఒక తాత. చీలిన చోటూ, తిరగబడిన ముడీ చూసి, నన్ను చూసి, గడ్డం గోక్కున్నాడు.

మాఉసి ముందుగా అందుకుంది. "థాఉ, థాఉ. పోనీ. పిల్ల గదా. ఈ ఊరిది కూడా కాదు."

"పిల్లని ఒగ్గీస్తే రేపటికాణ్ణించి అందరూ పిల్లల్నే పంపుతారు" అన్నాడు తాత. "ముడి ఎవులింటిది?"

"మా ఇంటిదే" అంది పిన్ని.

"నీకు తెలిసే ఏసిందేటి?"

"తెలీదు. మరి ముడి మా ఇంటిదే."

తాత ఆకు చీలిన చోటును మళ్లీ ఒకసారి తడిమి చూశాడు. "కాలమంతా అనాల. నువ్వే పిలిసి సెప్పినావు గాబట్టి ఎనిమిది రోజులు. నీ ముడులు నాలుగూ ఇప్పీసి మిగతావోళ్లు ఏసుకుంటారు."

ఎనిమిది రోజులంటే ఏమిటో అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. వాన పడింది, ఇక వారం పాటు పువ్వే పువ్వు. మేనత్త వచ్చేదీ ఆ ఎనిమిదో రోజునే. నేను బావురుమన్నాను. మాఉసి నా నెత్తి మీద చెయ్యి వేసి "కాంద నాహి" అంది. ఏడవకు అని. ఆ తర్వాత తెలుగులో, "గుడాకు తిన్ననాడు కూడా ఇంత ఏడవలేదు గదే నువ్వు" అంది.

ఆ రోజు కూడా పిన్ని నాకు అంబలి ఎప్పటిలాగే నిండుగా పోసింది. తన గిన్నెలో నీళ్లు కలుపుకుంది. అది చూశాక నా గిన్నె పక్కకు జరిపాను.

మర్నాడు చీకటి విడుతుండగా మాఉసి మా గుమ్మంలో నిలబడి ఉంది. ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుంది.

"సెయ్యి లేవట్లేదు. దోటి ఎత్తలేను. నీ కూతుర్ని పంపు, నా పువ్వులు కోస్తాది. కోసినందుకు సగం దానికి."

"మాఉసీ, మేం గట్టెక్కకూడదు."

"నువ్వెక్కకు. నా ముడి, నా పువ్వు. కూలికి ఎవర్ని పెట్టుకుంటానో నా ఇష్టం. ముసలోణ్ణి అడిగే వచ్చాను."

"తాతేటన్నాడు?"

"ఏ సెయ్యి అనడిగాడు."

పిన్ని నవ్వింది. నేను వచ్చినప్పటి నుంచి ఆమె నవ్వడం చూడలేదు. అప్ప దోటి పట్టుకుని మాఉసి వెనకాల పరిగెత్తింది. రెండో రోజుకి మాఉసి నొప్పి ఎడమ భుజానికి మారింది. మూడో రోజుకి తాత కోడలికి నడుం పట్టేసింది. నాలుగో రోజున మిగిలిన రెండిళ్లలోనూ ఎవరికో ఒకరికి ఏదో ఒక నొప్పి. అప్ప ఒక్కతే గట్టంతా కోసేది, అరచేతులు బొబ్బలెక్కేవి. నేను ఇంటి దగ్గరే ఉండి, తెచ్చిన పువ్వుల మీద తడిగుడ్డ కప్పేదాన్ని. తాత తన అరుగు మీదనుంచి చూస్తూ, "ఈ ఏడు ఊళ్లో ఆడోళ్లకి ఏటో గాలి సోకినట్టుంది" అనేవాడు.

అందరికీ తక్కువే ఉన్న ఏడు అది. ఆ సగం వాళ్ల పొయ్యిలోంచి తీసిందే అని అప్పట్లో నాకు తట్టలేదు.

ఎనిమిదో రోజు మేనత్త వచ్చింది. కాళ్లు కడుక్కుని, నేరుగా లోపలికి పోయి కుండ మూత తీసి చూసింది. బియ్యం సగానికి ఉన్నాయి. మూత పెట్టింది. పిన్ని పీతల పులుసుతో అన్నం పెడితే తిన్నది. "ఈ ఏటికి ఉండనీ" అంది. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "మరదలా, ఒక రేకు ఇయ్యవే, పెట్లో బట్టల్లో పెట్టుకుంటాను" అని అడిగింది. పిన్ని ఒక పువ్వు మొత్తం ఇచ్చింది.

మర్నాటికి ఊళ్లో అందరి నొప్పులూ తగ్గాయి.

కోతల ముందు నాన్న వచ్చి నన్ను తీసుకుపోయాడు. అప్పటికి తమ్ముడు పుట్టాడు. ఆ తర్వాత నేను ఆ ఊరికి వెళ్లింది చుట్టపు చూపుగానే. బాబాయి మూడేళ్లకు దగ్గుతో తిరిగొచ్చాడు. పువ్వు మరో నాలుగు వానాకాలాలు ఆ ఇంటిని లాగింది. అప్ప బడి మానలేదు. నాలుగో ఏడు చివర్లో ఎవరో బయటివాళ్లు వచ్చి రొయ్యల చెరువులకని గెడ్డ వంపులు తీసేసి గట్లు చదును చేయించారు. రెండు రోజుల్లో యంత్రం పని పూర్తిచేసింది. మిగిలిన కొద్ది పొదల్ని వేలంలో ఒకతను పాడుకుని కాపలా పెట్టాడు. ముడి అనే మాట అతనికి తెలియదు. ఆ తర్వాతి ఏళ్లలో ఇసక పొలాల్లోకి వచ్చింది, బావి నీళ్లు ఉప్పబడ్డాయి, పొలమున్నవాళ్లూ సూరత్ బండెక్కారు. మాఉసి అప్పటికే పోయింది. అప్ప పదిహేడేళ్లకు బరంపురంలో పనికి వెళ్లింది. పిన్ని ఇల్లు చాలాకాలం తాటాకు ఇల్లుగానే ఉంది.

పిన్ని పదకొండో రోజు కార్యం అయ్యాక అప్పా నేనూ పెరట్లో కూర్చుని గిన్నెలు తోముతున్నాం. ఇన్నేళ్లూ అడగనిది అప్పుడు అడిగాను.

"ఆ ముడులు వేసినందుకు నా మీద కోపం రాలేదా అప్పా?"

"వచ్చింది. పీక పిసికీయాలనిపించింది" అంది, నవ్వుతూ.

"ఎలాగూ వెళ్లాల్సే వచ్చింది కదా చివరికి."

అప్ప కాసేపు గిన్నె తోమింది.

"పదిహేడుకి ఎల్లిన మొదటింట్లో మూడోనాడు ఆ ఇంటాయన వంటింట్లోకి వచ్చి నా సెయ్యి పట్టుకున్నాడు. అమ్మగారు బజారుకెల్లింది. ఇడిపించుకుని, గరిటతో ఒక్కటిచ్చి, పట్టపగలు రోడ్డు మీద నడిసి బస్టాండుకి వచ్చీసినాను. బోర్డు సదూకుని బస్సెక్కినాను. తరవాత ఏరే ఇల్లు సూసుకున్నాను."

ఆ సంగతి నాకు తెలియదు. చేతిలో పీచు నీళ్లలో వదిలేసి అప్ప వైపు తిరిగాను. మేనత్త చెప్పిన ఇల్లు కూడా అలాంటిదే అయి ఉంటే అన్న ఆలోచన నాకు అప్పుడు వచ్చింది.

"అదే పదమూడుకయితే?" అన్నాను.

అప్ప గిన్నెను నీళ్లలో ముంచి, కడిగి, బోర్లించింది.

"పదమూడుకి నాను అమ్మ పక్కలో పడుకున్నాను గదే" అంది.